పూటకూళ్ల యిల్లు

డబ్బు పుచ్చుకొని పెట్టిన అన్నము ఆతిథ్యమగునా? పట్టిసీమలో ఈ ప్రశ్న మాకు ఎదురైనది.

రేవు దగ్గర ఒక కుటుంబమువారు నడుపు చిన్న హోటలులో ఒక రాత్రి బస చేసితిమి. ఎదుట గోదావరి, నది నడుమ వీరభద్రుని గుడి గల గుట్ట. నడిరేయి మా బిడ్డకు జ్వరము తగిలినది. ఆ యిల్లాలు లేచి జావ కాచి, తెల్లవారువరకు తడిగుడ్డ వేయుచు కూర్చుండెను. ఉదయమున చీటీలో గదికి, భోజనమునకు మాత్రమే లెక్క వ్రాసిరి. పైన ఇవ్వబోగా, “బిడ్డకు చేసినదానికి డబ్బేమిటండీ?” అనెను.

లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుడు పూటకూళ్లవానికి 2 దేనారములిచ్చెను. పుచ్చుకొనుట తప్పు కాదు. పొయ్యి వెలుగవలెను గదా. అయితే గాయపడినవానిని కనిపెట్టుకొని మేలుకొను మనస్సు దేనారములకు దొరకునా?

లెక్క చెల్లించితిమి, ప్రేమ ఋణము మిగిలినది. దానిని రేపు మన గడప తొక్కు పరదేశికి చెల్లింతము.