మఱ్ఱిమీది యక్షుడు

నారాయణపేటలో నేతపని యెట్లు మొదలైనదని యడిగినచో ఊరివారు చెప్పు కథ యొక్కటే. ఛత్రపతి శివాజీ దక్కనులో సంచరించుచు ఈ ప్రాంతమున విడిది చేసెననియు, ఆయన పరివారముతో వచ్చిన నేతగాండ్రలో కొందఱు, దండు కదలిపోయినను తాము కదలక, ఇక్కడనే మగ్గములు పాతుకొని నిలిచిపోయిరనియు, నారాయణపేట చీరకు నేడున్న పేరంతయు వారు వేసిన పడుగునుండి వచ్చినదే యనియు ఆ కథ. చెప్పుకొను నంతకాలము దానికి సంవత్సరముతో పనిలేకపోయినది. దేశచరిత్రలో మన సామాన్యజ్ఞానమును పరీక్షించువారికి మాత్రము సంవత్సరము లేనిదే తృప్తి కలుగదు గావున, కథను అచ్చునకెక్కించినవారు దానికొక యంకెను తగిలించినారు: 1630.

చిక్కంతయు ఆ యంకెతోనే వచ్చినది. శివాజీ శివనేరి దుర్గమున జన్మించినది 1630 ఫిబ్రవరిలో నని నేడు పెక్కుమంది చరిత్రకారులు అంగీకరించుచున్నారు. కావున కథ చెప్పు కాలమున దండునాయకుడు ఉయ్యెలలో నున్నాడు. ఆయన నిజముగా దక్షిణమునకు తరలివచ్చినది 1677లో. అక్కన్న మాదన్నల మాట చెల్లుచున్న ఆ దినములలో భాగ్యనగరమున అబుల్ హసన్ తానీషాతో ఒడంబడిక చేసికొని, శ్రీశైలమున మల్లికార్జునుని సేవించి, జింజి వేలూరు దుర్గములను సాధింపబోయెను. శ్రీశైలమున ఆయన పారవశ్యమునొంది తన శిరస్సునే స్వామికి అర్పింపబూనెనని, శివాజీ కొలువునెఱిగిన కృష్ణాజీ అనంత సభాసదుడు తన బఖరులో వ్రాసినాడు. నారాయణపేట కథను నిలుపగోరువారు 1630ని వదలి 1677ను పట్టుకొనవలసియుండును. నలువదియేడేండ్ల సవరణ అల్పమైనది కాదు.

అయితే, సంవత్సరము తప్పినచో కథయు తప్పినట్లేనా? కథ తప్పినచో, తమ వృత్తికొక మహాపురుషుని స్పర్శ కలదని తరతరములుగా నమ్మి, ఆ నమ్మికతో మగ్గమునకు మ్రొక్కి కూర్చున్నవారి శ్రద్ధ మూఢత్వముక్రింద జమకట్టవలసినదేనా? ఇది చరిత్రకారులకు వదలి మనము చేతులు కడుగుకొనదగిన ప్రశ్న కాదు. ఒక జాతి తన గతమును గుఱించి యెఱిగినదానిలో పెద్దపాలు ఇట్టి వినికిడియే; పూజలును పండుగలును జాతరలును చాలవఱకు ఈ వినికిడి మీదనే నిలిచియున్నవి.

మన తార్కికులు ఈ ప్రశ్న నెదుర్కొననివారు కారు. పౌరాణికులు ప్రమాణములు ఎనిమిదని లెక్కించి, ప్రత్యక్షాదులతోపాటు ఐతిహ్యమును గూడ వానిలో చేర్చిరి. మొదట పలికినవాడెవడో తెలియక పరంపరగా వచ్చుచున్న మాట ఐతిహ్యము. దానికి శాస్త్రములలో నిచ్చు ఉదాహరణము ప్రసిద్ధము: ఈ మఱ్ఱిచెట్టుపై యక్షుడొకడు కాపురమున్నాడని ఊరివారందురు. చూచినవాడెవడన్న, చూచినవాడు లేడు, అనువారే యున్నారు. గౌతముడు న్యాయసూత్రముల ద్వితీయాధ్యాయమున దీనికి వేఱు పీట వేయక శబ్దప్రమాణములోనే కలిపివేసెను. వాచస్పతిమిశ్రుడు ఇంకొక యడుగు ముందునకు వేసి, వక్త తెలియని మాట సందిగ్ధము గావున నది ప్రమాణమే కాదని సాంఖ్యతత్త్వకౌముదిలో తేల్చెను. ఆయన దృష్టితో చూచినచో సభాసదుని బఖరును విచారణకు స్వీకరింపవచ్చును. వ్రాసినవాని పేరు తెలియును, రాజారాముని కాలమున జింజిలో వ్రాసెనని తెలియును, ఆప్తుడా కాడా యని యడుగుటకు మనిషియున్నాడు. మా నేతకథను అడుగుటకు మనిషి లేడు.

మా పాత జిల్లాకు ముఖ్యపట్టణమైన మహబూబ్‌నగరము చెంత పిల్లలమఱ్ఱి యున్నది. ఊడలు దిగి దిగి బోదెలై, మొదటి మ్రాను ఏదియో గుర్తుపట్టరాకుండ, సుమారు మూడెకరముల నేలను ఆక్రమించినవి. దాని నీడలో యక్షుడు లేడుగాని ఒక ముస్లిము సాధువు సమాధి కలదు. వృక్షమునకు ఏడువందల యేండ్లని యందురు. ఎవరందురని యడిగితిమా, మఱల యక్షుని కడకే వచ్చితిమి.

మీమాంసకుల త్రోవ వేఱు. కుమారిలభట్టు మతమున జ్ఞానము పుట్టుటతోడనే ప్రమాణము; దానిని త్రోసివేయు బాధకజ్ఞానము వచ్చునంతవఱకు శంకింప బనిలేదు. ఈ పాటి ఔదార్యము లేనిచో లోకయాత్రయే సాగదు; తల్లి చెప్పిన తండ్రిని, తండ్రి చెప్పిన గోత్రమును నమ్మక బ్రదికినవాడెవడు? అయితే ఆ మీమాంసకులే స్మృతుల ప్రామాణ్యమును విచారించుచోట ఒక కఠినమైన కొలత నేర్పఱచిరి. ఒక విధికి మూలముగా లౌకికమైన ప్రయోజనము కంటికి కనబడుచున్నచో, దానికి వేదమూలమును ఊహింపరాదని జైమిని సిద్ధాంతము. శబరస్వామి అచ్చట నెత్తుకొన్న ఉదాహరణము మా నేతయూరికి సరిగా అమరును. యజ్ఞశాలలో నాటిన మేడికంబమును నిలువెల్ల వస్త్రముతో చుట్టవలెనను విధి, ఆ వస్త్రముపై ఆశగలవారెవరో పుట్టించినదని ఆయన నిస్సంకోచముగా వ్రాసెను. వేదమును ప్రాణముగా నమ్మినవాడు, యజ్ఞశాలలో గుడ్డకొఱకు కక్కుర్తిపడినవానిని ఇంత తేటగా చూడగలిగెను! మనలో శాస్త్రాభిమానులకును శాస్త్రద్వేషులకును ఈ పుట చదువు తీఱిక కలుగకపోవుట నా కెప్పుడును విచారము.

ఆ కొలతను మా కథకు పెట్టి చూతము. నారాయణపేట చీరను కోరి కట్టుకొనువారిలో మరాఠీ స్త్రీలును కన్నడ స్త్రీలును పెక్కుమంది. శివాజీ పేరు చెవినిబడిన మరాఠీ గిరాకి బేరమును తెగలాగదని తెలియనంతటి అమాయకుడు మా వర్తకుడు కాడు. హేతువు కనబడుచున్నది, 1630 అను బాధకము ముందే వచ్చి కూర్చున్నది. న్యాయముగా కథ కూలిపోవలెను. కాని ఆ హేతువు కథలో ఎంతభాగమునకు హేతువో గూడ చూడవలెను గదా. అది శివాజీ పేరునకు సమాధానము చెప్పినది. దండు పోయిన పిదప కొందఱు నిలిచిపోయిరన్న మాటకు సమాధానము చెప్పలేదు. చీర నమ్ముకొనుటకు ఆ మాట అక్కఱలేదు. ఛత్రపతియే తమను పిలిచి, మాన్యములిచ్చి, మగ్గములు నిలిపెనని చెప్పుకొన్నచో బేరమునకు ఇంకను శోభ కలిగెడిది. లాభాపేక్ష కల్పింపని ఆ భాగము, మేము ఎచ్చటనుండియో వచ్చినవారము, పోవలసియుండియు పోనివారము అను ఆ ఒప్పుకోలు, నాకు సాక్ష్యమువలె వినబడును.

ఊరును దానికి తోడు పలుకుచున్నది. రాయచూరు, యాద్గీరు జిల్లాలు ప్రక్కనే యుండుటచే ఇచ్చట తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఒకే బజారులో నడచును. ఒక భాషలో నడిగిన వెలకు మఱియొక భాషలో బదులు వచ్చినను ఎవరును వెనుదిరిగి చూడరు. ఇక మగ్గము కడకు పోయి చూడుడు. గుంటలోనికి కాళ్ళు జార్చి కూర్చున్న నేతగాని యెదుట ఎనిమిది చీరలకు చాలు పడుగు ఒక్కమాఱే యెక్కించియుండును. చీరకు ఏడు గజముల లెక్కన ఏబదియాఱు గజములు. కాలు తొక్కినప్పుడెల్ల పోగులు విచ్చుకొనును, నాడె కుడినుండి యెడమకు దూసికొనిపోవును, నిండురంగు అంచు వ్రేలెడు వ్రేలెడుగా పెరుగును. ఇట్టి పడుగు నెక్కించుకొన్నవాడు దండు వెంట పోలేకపోవుటలో వింతయేమున్నదని నేను పరిహాసమునకు అనుకొనుచుందును.

ఇదే జిల్లాలో కృష్ణా మండలపు ముడుమాలులో దీనికి తలక్రిందైన విషయము గలదు. పండ్రెండు, పదునాలుగు అడుగుల యెత్తున పెనురాళ్ళు పదులకొలదిగా అక్కడ నిలిచియున్నవి. మూడువేల యేండ్లకు పైబడిన బృహచ్ఛిలాయుగపు పని. ఒక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షిమండలపు ఆకారమున నున్నవని పండితులు గుర్తించిరి. 2025లో ఈ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితాకును ఎక్కినది. ఇక్కడ వస్తువున్నది, నిలిపినవారి మాట లేదు. వారి పేరు, వారి భాష, వారి దైవము ఏదియు మనకు చేరలేదు. ఊరివారు మాత్రము వానిని నిలువురాళ్ళ తిమ్మప్ప యని పిలుచుకొని, ఒక రాతిని ఎల్లమ్మగా కొలుచుచున్నారు. చరిత్రదృష్టితో ఇది పొరపాటే. తిమ్మప్పయు ఎల్లమ్మయు ఆ రాళ్ళు నిలిపిన నాటివారి నోట పలికియుండని పేర్లు. కాని ఇన్ని తరములలో ఇల్లు కట్టుకొను ప్రతివాని చూపును ఆ రాళ్ళమీద పడియే యుండును. పునాదికి పెఱుకబోయిన చేతిని ఆపినది ఈ పొరపాటే యని నా యూహ. శాస్త్రజ్ఞుడు వచ్చి సప్తర్షులను పోల్చుకొనునంతవఱకు ఎల్లమ్మ కావలికాచినది.

మక్తల్ వైపునుండి కృష్ణను దాటి కురువపురము లంకకు పోవు యాత్రికుని తీరును ఇట్టిదే. పిఠాపురమున జన్మించిన శ్రీపాదశ్రీవల్లభుడు అచ్చట తపస్సు చేసెనని దత్తసంప్రదాయము. తెలుగుగడ్డ మీద పుట్టినవాని మహిమను మరాఠీలో గురుచరిత్ర చెప్పినది, లంక కన్నడసీమలోనిది. యాత్రికుడు జన్మసంవత్సరమును విచారింపడు. విచారింపకపోవుట దోషమును కాదు, ఏలయన అతడా మాటను పట్టుకొని యెవరిపైనను వ్యాజ్యము వేయుటలేదు, తాను తల వంచుచున్నాడు.

ఇందలి కీలకము నాకిట్లు తోచుచున్నది. మనుజుడు ఋషులకును దేవతలకును పితరులకును ఋణపడి పుట్టుచున్నాడని శ్రుతి. శ్రాద్ధమున మనము మూడు తరముల పేర్లు చెప్పుదుము. అంతకు పైవారి పేర్లు ఎఱిగిన ఇండ్లు అరుదు. ఐనను పేరు తెలియనివారికిని తర్పణము విడుతుము. సాక్షి యెవరని యడుగువాడుండడు. అప్పు నొప్పుకొనువానిని ఋజువు తెమ్మని యే న్యాయాధిపతియు నిర్బంధింపడు. ఋణము నంగీకరించుటకు ఐతిహ్యము చాలును. కాని ఆ వినికిడినే చేతబట్టుకొని, ఇది మాది, మీది కాదు, మేము ముందు వచ్చితిమి, మీరు పిదప చేరితిరి యని ఎదుటివానిపై హక్కు సాధింపబోయిననాడు అది చాలదు. ఆనాడు వాచస్పతి పద్ధతియే శరణ్యము, అన్నవాని పేరు చెప్పుమని నిలువదీయవలసినదే. నేడు దేశమున చరిత్ర పేర జరుగుచున్న జగడములలో పెక్కు, అప్పుపత్రమును హక్కుపత్రముగా చదువుటచే పుట్టినవి.

ఈ భేదమును ఆచరణలో చూపినవాడు ఈ పాలమూరు సీమవాడే. గద్వాల ప్రాంతపు ఇటికాలపాడు స్వగ్రామముగాగల సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కావ్యములను, శతకములను, సామెతలను ఆధారములుగా గొనెను. రాజును పొగడుచోట కవి మాటను తూచి పుచ్చుకొనవలసినదే; పొగడ్త నడుమ యథాలాపముగా దొరలిన కట్టుబట్టలు, కూటిలోని కూరలు, పిల్లల యాటలు, వీనియందు అబద్ధమాడుటకు కవికి పనియేమి? శబరస్వామి కొలతయే ఇది. ప్రతాపరెడ్డి ఋణమును ఒప్పుకొనుటయందు ఎంతటి మెత్తనివాడో, హక్కు సాధించు సందర్భమున ఋజువు సమకూర్చుటయందు అంతటి గట్టివాడు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని యొకరు వ్రాసినప్పుడు, మా పూర్వులు మహాకవులని మావారందురు అని బదులు పలికి యూరకుండుట సులభము. ప్రతాపరెడ్డి ఊరూరికి కబురంపి, 354 మంది కవుల పద్యములను, పలికినవాని పేరు ప్రతి పద్యముమీదను నిలిపి, 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చొత్తించెను.