బెల్లం పూసిన బండ

శమంతకోపాఖ్యానంలో ఎలుగుబంటిని చూడాలని ఎవరూ బయల్దేరరు. కృష్ణుడు వెళ్ళింది శమంతకమణి కాజేశాడని తన మీద పడ్డ నింద పోగొట్టుకోవడానికి. మణి వేసుకుని వేటకు పోయిన ప్రసేనుడి గుర్రం అడుగులు, ఆ తర్వాత సింహం అడుగులు, సింహం చచ్చిపడ్డ చోటి నుంచి జాంబవంతుడనే భల్లూకం అడుగులు పట్టుకుని గుహ దాకా పోయాడు. వెంట వచ్చిన జనాన్ని బయటే ఆపి, చీకట్లోకి ఒక్కడే దిగాడు. వాళ్ళు పన్నెండు రోజులు కాచుకుని, ఇక రాడనుకుని ఏడుస్తూ ద్వారకకు తిరిగిపోయారని భాగవతం చెబుతుంది. లోపల 28 రోజుల ముష్టియుద్ధం. రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణి అక్కడ పసివాడి ఉయ్యాల మీద ఆటబొమ్మగా వేలాడుతోంది. దాని ధర మనుషులకే తెలుసు.

ఏటా వినాయక చవితికి ఈ కథ పైకి చదివేది నేను. పర్వత్ పాటియాలో, అటు లింబాయత్‌లో తెలుగు ఇళ్ళకు తక్కువ లేదు. సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండల నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన పద్మశాలీలం. మా నాయన సాంచాల మీద రాత్రి షిఫ్టు చేశాడు, నేను రింగ్ రోడ్డు చీరల మార్కెట్‌లో లెక్కలు రాస్తాను. మునిసిపల్ తెలుగు బడిలో చదివిన పుణ్యాన అక్షరం తడబడకుండా చదవగలను కాబట్టి, పంతులు దొరకని చవితి పొద్దున సొసైటీవాళ్ళు పుస్తకం నా చేతిలో పెడతారు. అక్షింతలు పట్టుకుని కూర్చున్న పిల్లలకు ఎలుగుబంటి వచ్చే దాకా నిద్ర వస్తుంది, వచ్చాక పోతుంది.

మొన్నటి చవితికి సాయంత్రం సియాటెల్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఆ వేసవిలో వాడు అలాస్కా వెళ్ళి గోధుమరంగు ఎలుగుబంట్లను చూసొచ్చాడు. చిన్న విమానంలో సముద్రం ఒడ్డున దింపారట. గైడ్ ముందే చెప్పాడట: అందరూ దగ్గరగా ఉండాలి, పరుగెత్తకూడదు, జేబులో తినే వస్తువు ఉండకూడదు, అరవకూడదు. సాల్మన్ చేపలు ఏరు ఎక్కడానికి ఇంకా టైముంది కాబట్టి ఎలుగులు పచ్చిక మేస్తున్నాయి. అంత పెద్ద మృగం ఆవులాగా గడ్డి కొరకడం చూసి వీళ్ళు నోరు తెరిచారు. ఒక తల్లి, దాని వెనక పిల్లలు, వీళ్ళకు బాగా దగ్గరగా నడిచిపోయాయి.

"కన్నెత్తి కూడా చూడలేదు మామా! మేం అక్కడ లేనట్టే పోయింది. నాకైతే దర్శనమైనట్టే ఉంది."

నాకు అక్కడ తట్టింది. మనం గుడికి పోయేది స్వామిని చూడడానికే కాదు, స్వామి మనల్ని చూడడానికి. తిరుమలలో గంటల కొద్దీ క్యూలో నిలబడి, రెప్పపాటులో తోసేస్తే, బయటికొచ్చి అనుకునే మాట "ఆయన చూపు పడింది, చాలు" అనే. మరి వీడు వేలకొద్దీ డాలర్లు పోసి వెళ్ళింది తనను లెక్కచెయ్యని ప్రాణి ముందు నిలబడడానికి. అది లెక్కచెయ్యలేదు కాబట్టే ఆనందపడ్డాడు. ఇదేం భక్తి? మాటవరసకు ఎగతాళి చేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాస్కాలోనే మెక్‌నీల్ నది దగ్గర ఇలాంటి యాత్రను ఒక క్రమంలో పెట్టారు. 1967లో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. 1973 నుంచి లాటరీ తీసి, రోజుకు పదిమందికి మించకుండా, అక్కడి సిబ్బంది వెంటబెట్టుకుని తీసుకెళ్తున్నారు. రోజూ అదే దారి, అదే చోటు, అంతే మంది. అన్నేళ్ళలో అక్కడ ఒక్క యాత్రికుడికీ ఎలుగుబంటి వల్ల గాయం కాలేదు. కారణం మంత్రం కాదు. తరాల తరబడి ఆ ఎలుగులు నేర్చుకున్నది ఒకటే: ఈ రెండుకాళ్ళవాళ్ళ దగ్గర తిండి దొరకదు, వీళ్ళ వల్ల ఆపదా లేదు. ఎంత దగ్గరికి రావాలో ఎలుగే నిర్ణయించుకుంటుంది, మనిషి కాదు. మనిషి చేసేది కూర్చోవడం.

దానికి ఎదురుగా తిమోతీ ట్రెడ్‌వెల్ కథ ఉంది. పదమూడు వేసవులు అలాస్కాలోని కట్‌మాయ్‌లో ఎలుగుల మధ్య డేరా వేసుకుని, వాటికి పేర్లు పెట్టి, ముద్దు మాటలు చెప్పి, అవి తనను ఎరుగునని నమ్మాడు. 2003 అక్టోబరులో ఒక ఎలుగు అతన్నీ, వెంట ఉన్న స్నేహితురాలినీ చంపేసింది. వెర్నర్ హెర్జోగ్ అతని మీద 2005లో సినిమా తీశాడు. ట్రెడ్‌వెల్‌ను పిచ్చివాడని కొట్టిపారెయ్యడం తేలిక. నాకు మాత్రం అతనిలో మనలాంటి భక్తుడే కనిపిస్తాడు. ఆయన నన్ను చూడాలి, నన్ను గుర్తుపట్టాలి, నేను ప్రత్యేకం. ఈ కోరిక కొండకు పోయే ప్రతివాడి మూటలోనూ ఉంటుంది.

మేనల్లుడి అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. డిసెంబరులో వస్తున్నాడు. హంపి చూసి, అక్కడికి దగ్గరే ఉన్న దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యానికి నన్నూ తీసుకుపోతానన్నాడు. "అక్కడ కచ్చితంగా కనిపిస్తాయి మామా, బండ మీద బెల్లం పూస్తారు."

నిజమే. అప్పటి బళ్ళారి జిల్లాలో 1994లో ప్రకటించిన అభయారణ్యం అది. ఉన్నవి మన నల్ల ఎలుగుబంట్లే. మా ఊళ్ళో గుడ్డెలుగు అంటాం. అటవీ సిబ్బంది మధ్యాహ్నం బెల్లం, తేనె కలిపిన పాకం బండరాళ్ళ మీద పూసి పోతారు. ఎదురుగా ఎత్తున కట్టిన మంచె మీద టికెట్టు కొన్నవాళ్ళు కెమెరాలు పట్టుకుని కూర్చుంటారు. పొద్దు వాలేసరికి ఎలుగులు గుహల్లోంచి దిగి బండలు నాకుతాయి. ఎవరూ నిరాశపడరు.

బెల్లం అనేసరికి నాకు బెల్లం పానకం తాగే మంగళగిరి పానకాల స్వామి గుర్తొచ్చాడు. మన నైవేద్యాలన్నీ ఒక రకంగా అవే కదా, రమ్మని పెట్టే తీపి! అప్పుడు దరోజీ బండకు, చవితినాడు నేను పెట్టే ఉండ్రాళ్ళ పళ్ళానికి తేడా ఏమిటి? ఈ ప్రశ్న మా ఆవిడ అడిగింది, నేను కాదు. ఆమె అడిగే పద్ధతి ఎలా ఉంటుందంటే, జవాబు చెప్పేదాకా అన్నం వడ్డించదు.

తేడా తెరలో ఉందని నాకు అనిపిస్తుంది. గుడిలో నైవేద్యం పెట్టేటప్పుడు అర్చకుడు తెర వేస్తాడు. స్వామి తింటుండగా ఎవరూ చూడకూడదు. అంతసేపు క్యూ కదలదు, వీఐపీ అయినా సరే నిలబడాల్సిందే. ఆయన తిన్నాడా లేదా అన్నది ఆయన సంగతి. దరోజీలో తిండి పెట్టేదే తింటుండగా చూడడానికి. అక్కడ తెర తీసి నైవేద్యం పెడుతున్నాం.

మంగళగిరిలో తెర లేదు కదా అని మా ఆవిడ అడ్డం వేసింది. అవును, అక్కడ శంఖంతో పానకం నోట్లో పోస్తుంటే గుటగుటమన్న చప్పుడు అందరూ వింటారు. కానీ సగమే తీసుకుని సగం వదిలేస్తాడన్న నమ్మకం కూడా అక్కడే ఉంది. ఎంత పోసినా, ఎవరు పోసినా అంతే. ఇంకాస్త తాగమని బలవంతం చెయ్యడానికి లేదు. వద్దనగలిగినవాడి ముందే మనం చేతులు జోడిస్తాం.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది. చూస్తూ ఉండేదే పరమాత్మ అని పెద్దలు చెబుతారు. మంచె మీద కూర్చున్నవాడికి తాను ఆ రెండో పక్షినన్న భ్రమ సులువుగా కలుగుతుంది. కింద ఒక ప్రాణి తింటోంది, పైన నేను ఏమీ అనకుండా చూస్తున్నాను, సాక్షిని. కానీ ఆ రెండో పక్షి పండుకు బెల్లం పుయ్యలేదు. పూసినవాడు సాక్షి కాలేడు. వాడు ఆ తిండిలో భాగస్థుడు.

అలాస్కాలో మా వాడి పక్కనుంచి పోయిన తల్లి ఎలుగు వీళ్ళను చూడకపోవడంలో ఉన్న గౌరవం నాకు అప్పుడు అర్థమైంది. ఆ పూట దాని బతుకులో వీళ్ళు వేలు పెట్టలేదు. అది పచ్చిక కోసం వచ్చింది, వీళ్ళ కోసం కాదు. వీళ్ళు లేకపోయినా వచ్చేదే.

చిన్నప్పుడు సిరిసిల్లలో మేం ఎలుగును చూసింది వీధిలో. ముక్కుకు తాడు వేసి దాన్ని ఆడించుకుంటూ ఒకడు వచ్చేవాడు. దడుపు పోతుందని పిల్లల్ని దాని వీపు మీద ఎక్కించేవాళ్ళు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవాళ్ళు. మా అమ్మ నాకూ కట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును ఆడించడాన్ని నేరం చేసినా, ఆడించేవాళ్ళకు వేరే బతుకుతెరువు చూపించి చివరి ఎలుగును విడిపించేసరికి 2009 వచ్చింది. దరోజీని దానితో సమానం చెయ్యడం అన్యాయం, అక్కడ ముక్కుతాడు లేదు. ఎలుగు తన కాళ్ళతో వచ్చి తన కాళ్ళతో పోతుంది. కానీ టైముకు రావడం మాత్రం నేర్చుకుంది.

తిండి అలవాటు చేస్తే ఆ అలవాటు మంచె దగ్గర ఆగుతుందా అన్నది నా భయం. ఛత్తీస్‌గఢ్‌లో మహాసముంద్ జిల్లా ఘుంచాపాలీ చండీమాత గుడికి ఎలుగులు కుటుంబాలతో వచ్చి భక్తుల చేతుల్లోంచి ప్రసాదం తింటాయి. జనం దాన్ని అమ్మవారి మహిమ అంటారు. అదే జాతి ఎలుగు మన శ్రీకాకుళం ఉద్దానంలో ఏం చేసిందో కూడా తెలుసు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర జీడితోటల్లో ఒక రైతును చంపింది, మరికొందరిని గాయపరిచింది. దాన్ని పట్టుకున్నారు గానీ, అదీ బతకలేదు. తోటకు పోయిన రైతుదీ తప్పు లేదు, ఎలుగుదీ లేదు. జాంబవంతుడు కూడా కృష్ణుడి మీద పడింది పగతో కాదు. కొత్త మనిషి బిడ్డ ఉయ్యాల దగ్గరికి వచ్చాడని దాది కేక పెట్టింది, అందుకు.

ఇన్ని చెప్పినా బెల్లం పూసేవాళ్ళ వైపు ఒక గట్టి మాట ఉంది. బళ్ళారి, సండూరు, హోస్పేట కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. కొండ కనిపిస్తే తవ్వే రోజుల్లో, ఎలుగును చూడడానికి జనం రావడమే ఆ కొండకు కాపలా. ఎవరూ చూడని మృగానికి వోటు లేదు, వకీలు లేడు. సౌరాష్ట్రలో ఇప్పుడు ఎలుగులే లేవు. పోరుబందరు దగ్గర రాణావావ్‌లో జాంబవంతుడిదని చెప్పే గుహలో మెట్లు దిగిపోతే నీటి చుక్కలు పడుతున్న లింగాలుంటాయి, పూజారి ఉంటాడు, భల్లూకం మాత్రం కథలోనే. కథలో సింహాన్ని ఎలుగు చంపింది. ఇవాళ అటు గిర్‌లో మిగిలింది సింహం.

గుజరాత్‌లో ఎలుగులున్నది ఉత్తర, తూర్పు అడవుల్లో. జెస్సోర్‌లోనూ, దాహోద్ జిల్లా రతన్‌మహల్‌లోనూ. రతన్‌మహల్‌ను 1982లో వాటి కోసమే అభయారణ్యం చేశారు. మా గుజరాతీ పొరుగాయనతో కలిసి ఒక వేసవిలో వెళ్ళాను. ఇప్పపూలు రాలే కాలం. మా వెంట వచ్చిన గిరిజన గైడ్ మమ్మల్ని ఏ బండ దగ్గరికీ తీసుకుపోలేదు. గోళ్ళతో తవ్వేసిన చెదపుట్టలు చూపించాడు. ఎలుగుకు పైపళ్ళలో ముందు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని పీల్చేస్తుంది, ఆ చప్పుడు చాలా దూరం వినబడుతుందని చెప్పాడు. రేగిగింజలు నిండిన పెంట చూపించి, ఇది నిన్నటిది అన్నాడు. ఇప్పచెట్టు కింద మేం కూర్చున్నంతసేపూ ఎలుగు రాలేదు. పొరుగాయన పెట్రోలు డబ్బులు లెక్కేసుకున్నాడు. నేను మాత్రం ఆ పుట్టల్ని, ఆ గింజల్ని మర్చిపోలేదు. కృష్ణుడికి గుహ చేరేదాకా దొరికింది కూడా అడుగులే కదా.

గుహ బయట పన్నెండు రోజులు కూర్చున్న జనం గురించి కథ ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. వాళ్ళకు మణి దొరకలేదు, భల్లూకం కనబడలేదు, లోపల ఏమైందో తెలియదు. కానీ గుహ నోట్లో పొగ పెట్టి ఎలుగును బయటికి రప్పించాలని వాళ్ళు అనుకోలేదు. ఆ సంగతికి వాళ్ళను ఏ వ్యాఖ్యానకర్తా మెచ్చుకున్నట్టు నేను వినలేదు. నేను మెచ్చుకుంటాను.

ఇదంతా అల్లుడికి ఫోన్లో చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "అయితే దరోజీ రానంటావా?" అన్నాడు.

"వస్తాను. కానీ అక్కడి అధికారిని ఒకటి అడుగుతాను. వారంలో ఒక్క పూట బండ మీద ఏమీ పుయ్యకుండా వదిలేయమని."

"ఆ పూటకు టికెట్టు ఎవరు కొంటారు మామా?"

"నాకొకటి తీసుకో. మీ అత్త సంగతి ఆమెనే అడుగు" అన్నాను.