కడపట భుజించిన ఇల్లాలు

అరణ్యవాసమునకు వెడలిన ధర్మరాజునకు సూర్యభగవానుడు అక్షయపాత్రను అనుగ్రహించెను. ఆ పేరు వినినంతనే అది ఎన్నడును అడుగంటని పాత్ర యని పలువురు తలంతురు. కాని భారతకథను శ్రద్ధగా పరిశీలించినవారికి అందలి నియమము తెలియును. ద్రౌపది భుజించువరకే ఆ పాత్ర అన్నము నొసగును. ఆమె భుజించిన పిమ్మట ఆ దినమునకు మరియొక మెతుకైనను రాదు. అనగా అక్షయపాత్రకును దినపరిమితి కలదు. ఆ పరిమితిలోనే విప్రులు, అతిథులు, పాండవులు ఎల్లరును తృప్తులగుటకు కారణమేమి? పాత్ర ఎవరి చేతిలో నుండెనో ఆమె అందరికంటె కడపట భుజించుటయే.

లోకమున సంపద రెండు విధములు. పంచినకొలది తరుగనిది యొకటి. పంచినకొలది తరుగునది మరియొకటి. భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు గోపురమునుండి తిరుమంత్రార్థమును ఎల్లరకు ప్రకటించిరని సంప్రదాయము చెప్పుచున్నది. దానివలన మంత్రము తరుగలేదు. నీరు, పాయసము, ధాన్యము అట్టివి కావు. ఒకరు ఎక్కువ గైకొన్నచో మరియొకరికి తక్కువ యగును. నేడు గృహములలో ఈ రెండవ జాతికి చెందిన క్రొత్త పదార్థము చేరినది. అదియే ఇంటర్నెట్ డేటా.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగా సాగిన తీగ పల్లెల గడపలకు చేరనారంభించెను. నాటి తొలి పథకమున నెలకు 149 రూపాయలకు టీవీ, టెలిఫోనులతోపాటు సెకనుకు 15 మెగాబిట్ల వేగమున 5 గిగాబైట్ల డేటా లభించుచుండెను. ఆ పరిమాణము ముగిసిన పిదప వేగము తగ్గుచుండెను. హెచ్చు స్పష్టతతో చలనచిత్రము చూచినచో గంటకు సుమారు 3 గిగాబైట్లు వ్యయమగును. అనగా ఒక్కరు ఒక్క సాయంకాలము రెండు గంటల చిత్రము చూచినచో ఇంటిల్లిపాదికి నెలకు ఉద్దేశించినది అంతయు తీరిపోవును! నేటి పథకములలో పరిమాణము పెరిగినను హద్దు పూర్తిగా పోలేదు. ఒకరి ఫోనునుండి తక్కినవారు హాట్‌స్పాట్ ద్వారా వాడుకొను ఇండ్లలో ఆ హద్దు దినదినమును ఎదురగుచునే యున్నది.

పెదపాడు వంటి గ్రామమున ఒక ఉమ్మడి కుటుంబమును ఊహింతము. నాయనమ్మ గారు ఉదయమున శ్రీవారి సేవను ఫోనులో దర్శింతురు. తండ్రి చేపల ధర విచారించును. కోడలు ఇంటినుండియే ఉద్యోగము చేయును. మనుమరాలు పరీక్షకు చదువుకొనును. మనుమడు క్రికెట్ చూచును. అతడు మధ్యాహ్నమునకే ఆనాటి డేటాను ముగించినాడు. ఆ రాత్రితో గడువు తీరు దరఖాస్తును మనుమరాలు పంపలేకపోయినది. అమెరికాలోని కుమారుని ముఖము చూడవలెనని ఎదురుచూచిన నాయనమ్మ గారు తెరపై తిరుగుచున్న చక్రమునే చూచి ఫోను ప్రక్కన పెట్టిరి. ఎవరును దొంగతనము చేయలేదు. అయినను ఇద్దరి సొత్తు పోయినది. దేవతలు ఒసగినదానిని వారికి అర్పింపక తానే అనుభవించువాడు చోరుడని గీతాచార్యుడు మూడవ అధ్యాయమున హెచ్చరించుట ఇట్టి తెలియని దోషమును గూర్చియే కాదా?

ఏలూరు కాలువ క్రింద సేద్యము చేయు రైతునకు ఈ ధర్మము క్రొత్త కాదు. ఎగువ రైతు తూము మూయనిచో శివారు చేను ఎండును. అందువలననే నీటి ఎద్దడి వేళల వంతు లేర్పరతురు. ఎగువవాడు చెడ్డవాడు కానక్కరలేదు. శివారు చేను అతని కంటికి కనబడదు, అంతే. ఇంటి డేటా విషయమునను ఇంతియే.

పంపకమనగా అందరికి సమభాగమని కాదు. దశరథ మహారాజు పాయసమును పంచినపుడు కౌసల్యాదేవికి సగము నిచ్చెను. మిగిలిన దానిలో సగము సుమిత్రాదేవికి, మరల మిగిలిన దానిలో సగము కైకేయీదేవికి ఇచ్చి, ఆలోచించి, శేషమును తిరిగి సుమిత్రాదేవికే యొసగెను. భాగములు సమానములు కావు. కాని ఎవరి పాత్రయు రిక్తముగా నుండలేదు. పంచువాడు ఆలోచించి పంచెననుటయే అచట గ్రహింపవలసినది.

గృహస్థులు ఆచరింపదగిన క్రమ మిది. మొదట లెక్క అందరికి తెలియవలెను. ఏ ఫోను ఎంత వాడినదో దాని సెట్టింగులలోనే కనబడును. వారమున కొకసారి అందరును కూర్చుండి చూచినచో నిందకు తావుండదు. రెండవది, చదువు, ఉద్యోగము, వైద్యము, దూరమున నున్నవారి పలకరింపు ముందు, వినోదము తరువాత. మూడవది, చిన్న తెరపై హెచ్చు స్పష్టత అనవసరము. సాధారణ స్పష్టతతో చూచినచో వ్యయము మూడవ వంతునకు తగ్గును. పాట మాత్రమే విన్నచో సాధారణముగా గంటకు 150 మెగాబైట్లకు మించదు. నాలుగవది, ఎవరును చూడకుండగనే ఫోటోలు పైకెక్కుట, యాప్‌లు తమంత తామే నవీకరించుకొనుట, ఒక దృశ్యము ముగియగనే మరియొకటి మొదలగుట నిలిపివేయవలెను. ఇవి గట్టునకు పడిన గండ్లు. అయిదవది, వేగమును కూడ పంచుకొనవలెను. 15 మెగాబిట్ల తీగపై ఒక్కొక్కటి సుమారు 5 మెగాబిట్లు కోరు చిత్రములు మూడు నడచినచో నాలుగవవానికి దారి లేదు. కనుక చదువుకొను వేళ చిత్రములు ఆపవలెను.

వీని కన్నిటికి మూలము వేరొకటి. బిల్లు కట్టువాడును, పాస్‌వర్డ్ తెలిసినవాడును తనకే మొదటి హక్కు అనుకొనుట సహజము. ద్రౌపది నేర్పిన పాఠము దానికి విరుద్ధము. పాత్ర చేత నున్నవారు కడపట గైకొనవలెను. ఇంటి పెద్ద తానే ముందుగా తన వినోదమును తగ్గించుకొన్నచో పిల్లలకు వేరుగా ఉపదేశింప పనిలేదు.

ద్వారకా తిరుమలలో స్వయంభువైన స్వామికి అభిషేకము లేదు. ఒక్క నీటిబొట్టు పడినను అడుగుననున్న చీమల పుట్ట కదలునని అచటి ఆచారము చెప్పుచున్నది. కంటికి కనరాని చీమల కొరకు సర్వేశ్వరుడే తన ఉపచారమును మానుకొన్నాడని భావించు భక్తునకు, ప్రక్కగదిలోని వారి కొరకు ఒక చిత్రమును మానుకొనుట భారమా? అట్టి గృహమున మిగిలిన కొద్దిపాటి డేటాయు అక్షయమే యగును. అట్టి సద్బుద్ధిని శ్రీవేంకటేశ్వరుడు ఎల్లరకు ప్రసాదించుగాక!