నీళ్లు ఆపే కాలం

మా పెరటి మామిడికి అక్టోబరు దాటాక నీళ్లు పెట్టను. చూసేవాళ్లకు అది పిసినారితనంలా ఉంటుంది. "వాడిపోతోందండీ, రెండు బిందెలు పోయించకూడదూ?" అంటుంది పక్కింటావిడ. అప్పుడు పోస్తే చెట్టు చిగురేస్తుంది గానీ పూయదు. నేల కాస్త ఎండి, రాత్రులు చల్లబడితేనే కొమ్మ చివరి మొగ్గ పూతకు తిరుగుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ పాదుకు తడి.

మనకు తెలిసిన ప్రేమంతా పెట్టడం, పోయడం, కొసరి తినిపించడం. చాలినంత పెట్టి చేయి వెనక్కి తీసుకోవడం ఎవరూ నేర్పరు. చెట్టు దగ్గర అది నేర్చుకోక తప్పదు.

ఒక్కో పూగుత్తికి వందల పూలు, ఒక్కోసారి వేలు. వాటిలో చాలావరకు మగపూలే. చివరికి నిలిచేది ఒకటో రెండో కాయలు, చాలా గుత్తులకు అదీ లేదు. పాదులో రాలిన పిందెలు చూసి ఇంట్లోవాళ్లు దిగులుపడతారు. అన్నీ నిలిస్తే కొమ్మ విరిగేదే. నా భయమల్లా తేనెమంచు పురుగుకే.

మాది బంగినపల్లి. తొడిమ దగ్గర భుజాలు లేస్తే కాయ పరువుకొచ్చినట్టు. అనుమానముంటే ఒకటి బకెట్ నీళ్లలో వేస్తాను. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. చిక్కంతో కోసేటప్పుడు తొడిమ ఊడిందా, సొన చిమ్మి, పడ్డచోటల్లా తొక్క మాడిపోతుంది. అందుకే తొడిమ కాస్త ఉంచి కోసి, కాయల్ని తలకిందులుగా ఆనించి, సొన కారాకే గడ్డిలో మాగవేస్తాం. ఇక చెట్టుకు, కాయకు సంబంధం లేదు. లోపల దాచుకున్న పిండి దానంతటదే తీపవుతుంది. లేతగా కోసినదానికి ఎంత గడ్డి కప్పినా ముడతలే. చేయి ఎప్పుడు తీసేయాలన్నది ఇక్కడా తేల్చుకోవాల్సిందే. ఆ ఓపిక లేకే కదా బజారులోకి కార్బైడు వచ్చింది! నిషేధం ఉన్నా పోలేదు. రంగు తిరుగుతుంది, కొరికితే పులుపు.

కోత కాగానే చెట్టును మరిచిపోవడం మనవాళ్ల అలవాటు. నన్నడిగితే అసలు చాకిరీ అప్పుడే. ఎండుపుల్లలు తీయాలి, బదనిక పట్టిన కొమ్మ నరకాలి, నడిమికి ఎండ పడేలా చూడాలి, పాదుకు పశువుల ఎరువు వేయాలి. వచ్చే పూతంతా ఈ వానలకు వేసే కొత్త కొమ్మల మీదే. ఈసారి విరగకాసింది గనక వచ్చే ఏడు అసలు కాయకపోవచ్చు కూడా. మామిడికి ఏడు విడిచి ఏడు కాపు మామూలే.

"కాయనిదానికి ఎరువెందుకండీ?" అంటాడు బండి తోలుకొచ్చినతను.

"ముందు తట్ట దించవయ్యా" అంటాను.