యోగసాధనకు తగిన వేళ ఏది?

కాలము భగవంతుని విభూతులలో నొకటి యని గీతాచార్యుడే సెలవిచ్చియున్నాడు. పోయిన ధనమును మరల సంపాదించుకొనవచ్చును. నిన్నటి ఉషఃకాలమును మాత్రము ఎవ్వరును మరల తెచ్చుకొనజాలరు. అందువలననే సాధన నారంభింపదలచిన గృహస్థు మొట్టమొదట అడుగు ప్రశ్న “ఎట్లు?” అనునది కాదు, “ఎప్పుడు?” అనునది. ఆసనములు, ప్రాణాయామము, ధ్యానము ఏ వేళ చేసిన ఫలించును? తెల్లవారుజామునా, సాయంకాలమా, రాత్రియా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని దీని వెనుక ఒక ధర్మసందేహము దాగియున్నది. దానిని విచారించుటకు గ్రంథములకంటె ముందు ఒక పల్లెను చూడవలెను.

కడప జిల్లాలో ప్రొద్దుటూరునకును మైదుకూరునకును నడుమ చాపాడు కలదు. కుందూనదికి చేరువనున్న ఈ సీమకు కర్నూలు–కడప కాలువ జీవాధారము. తుంగభద్రపై సుంకేశుల ఆనకట్టనుండి బయలుదేరు ఈ కాలువను 1863–1870 సంవత్సరముల నడుమ ఒక ఇంగ్లీషు కంపెనీవారు పడవల రాకపోకలకును సేద్యమునకును పనికివచ్చునట్లు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనినది. కాలువకు నీరు వచ్చిన యేడు వరిపైరు. రాని యేడు ఎదురుచూపు. నీరు కొరతగానున్నప్పుడు పొలములకు వంతులవారీగా పారును. ఆ వంతు పగలే రావలెనను నియమము లేదు. అర్ధరాత్రమున గనిమపై దీపము పట్టుకొని నిలిచి మడవ త్రిప్పుట ఇచటి రైతునకు క్రొత్త గాదు.

అట్టి రైతు నొకనిని భావింతము. ఏబదియేండ్ల వయస్సు. ఊర్ధ్వపుండ్రధారి. ధనుర్మాసమున తిరుప్పావై తప్పక వినువాడు. నడుమునొప్పి కలిగి వైద్యుని యొద్దకు పోగా ఆయన యోగాసనములు చేయుమనెను. భజనమందిరములో ఒక పెద్ద, “బ్రాహ్మీముహూర్తమున చేసినదే యోగము, తక్కినది వట్టి వ్యాయామము” అనెను. ఆ మాట అతని మనస్సున నాటుకొన్నది. గడియారమున నాలుగు గంటలకు గంట మ్రోగునట్లు పెట్టుకొని లేచుట మొదలుపెట్టెను. అతడు లేచులోపల నీళ్లు కాచియుంచుటకై ఇల్లాలు మూడున్నరకే లేవవలసివచ్చెను. నెల గడచెను. ఒకరాత్రి అతని నీటివంతు తెల్లవారుజామున ముగియవలసియుండెను. సాధనవేళ తప్పునేమో యను తొందరలో అతడు మడవ కట్టకయే ఇంటికి వచ్చి పద్మాసనమున కూర్చుండెను. ఇచట అతడు శ్వాసను లెక్కించుచుండగా అచట అతని నీరు పొలము నిండి వాగుపాలగుచుండెను. దిగువపొలమువాడు తన వంతునకై చీకటిలో ఎదురుచూచుచుండెను.

తెల్లవారిన పిమ్మట సంగతి తెలిసి ముసలితల్లి అనిన మాట ఇది: “నాయనా, నువ్వు కండ్లు మూసుకున్న గడియలో నీ పెండ్లాం రెండు పనులు చేస్తావుంది, పక్కచేనోడు నిద్ర మానుకున్నాడు. నీ యోగం వాళ్ల పాలిటికి ఏమయింది?”

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ “ఉత్తమమైన వేళ” యేదో నిర్ణయించుట సాధ్యము కాదు.

మొదట బ్రాహ్మీముహూర్త మనగానేమో తెలిసికొందము. ముహూర్తమనగా రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. సూర్యోదయమునకు ముందు చివరి ముహూర్తమును విడిచి దానికి ముందున్నది బ్రాహ్మీముహూర్తము. అనగా ఉదయమునకు 96 నిమిషముల ముందు ఆరంభమై 48 నిమిషముల ముందు ముగియును. చాపాడు ప్రాంతమున సూర్యోదయము జూన్ మాసమున రమారమి 5-45కును, జనవరి మధ్యమున రమారమి 6-45కును అగుచున్నది. కాబట్టి వేసవి చివర బ్రాహ్మీముహూర్తము నాలుగు దాటిన పిమ్మట మొదలై అయిదింటికి ముగియును. సంక్రాంతినాటికి అది అయిదు దాటిన పిమ్మట మొదలై ఆరింటికి ముగియును. ఏడాది పొడవునను నాలుగింటికే లేచి అదియే శాస్త్రోక్తకాలమనుకొనువాడు గడియారమును కొలుచుచున్నాడు గాని సూర్యుని కాదు. అధికారముతో పలికిన ఆ పెద్దమాటలో ఈ చిన్న లెక్క యొకటి మరపున పడినది.

అయినను ప్రాతఃకాలపు మహిమను కాదనరాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను బ్రాహ్మీముహూర్తమున లేచుటతోనే ఆరంభించెను. అప్పటికి రాత్రి తిన్న అన్నము జీర్ణమై కడుపు తేలికగా నుండును. ఊరు సద్దుమణిగియుండును. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు కడప ఎండలకు ఆ ఒక్క వేళనే గాలి చల్లగా వీచును. 2015 నుండి ప్రతి సంవత్సరము జూన్ 21వ తేదీన జరుగుచున్న అంతర్జాతీయ యోగదినోత్సవమునందును జనులు ఉదయముననే సాధనకు కూడుచున్నారు.

అయితే మరియొక పక్షము కూడ కలదు. నిద్రనుండి లేచిన వెంటనే కీళ్లును నడుమును బిగిసియుండును. పగలు గడచి సాయంకాలమగునప్పటికి దేహమున వేడిమి పెరిగి అవయవములు సులువుగా వంగును. దేహములోని జీవకణములకు దివారాత్రములను పాటించు గడియార మొకటి కలదని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ గడియారపు పనితీరును వెల్లడించిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. ఆ గడియారము అందరిలోను ఒకే తీరున నడువదు. పెందలకడ మేల్కొనువారును, రాత్రి పొద్దుపోవువరకు చురుకుగా నుండువారును స్వభావముచేతనే కలరు. హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు ప్రాణాయామమునకు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, అర్ధరాత్రము అని నాలుగు వేళలు చెప్పెను. అది ఏకాంతమైన మఠికలో నివసించు యోగికి చెప్పిన విధి. నలుగురి ఆకలి తీర్చవలసిన గృహస్థు నాలుగు వేళలను అనుకరింపబూనిన అతని ఇల్లు నడువదు. పతంజలియో, ఫలానా గంటయని విధింపనే లేదు. అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినపుడే దృఢమగునని మాత్రము చెప్పెను. నెలకు పది రోజులు బ్రాహ్మీముహూర్తమున చేసి ఇరువది రోజులు మానుటకంటె, నెల పొడవునను సాయంకాలము చేయుటయే ఆ లక్షణమునకు దగ్గర.

నిద్రను హరించి చేయు సాధనను గీతాచార్యుడును మెచ్చలేదు. ఆరవ అధ్యాయమున ఆయన మిక్కిలి తినువానికిని, బొత్తిగా తిననివానికిని, మిక్కిలి నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము కుదరదని హెచ్చరించెను. అర్ధరాత్రమువరకు మడవ త్రిప్పి నాలుగింటికి లేచి ధ్యానమున తూగువాడు ఆ చివరి కోవకు చెందుచున్నాడు.

వేదాంతమున ఈ విచారము మరింత స్పష్టముగా నున్నది. బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయపు మొదటి పాదమున ఉపాసనకు దేశకాలములు ఎట్టివి యను చర్చ వచ్చినది. చిత్తమునకు ఏకాగ్రత ఎచట, ఎప్పుడు కుదురునో అదియే తగిన చోటు, అదియే తగిన వేళ యని అందలి నిర్ణయము. భగవద్రామానుజులు శ్రీభాష్యమున దానినే సమర్థించిరి. కాలము ఏకాగ్రతకు సేవకుడే గాని ప్రభువు గాడు. ఇది సోమరితనమునకు ఇచ్చిన అనుమతి యని భ్రమపడరాదు. “నాకు ఎప్పుడును కుదరదు” అనువానికి ఈ సూత్రము ఆశ్రయ మీయదు. కుదురు వేళను వెదకికొనుమని అది ఆజ్ఞాపించుచున్నది.

శ్రీవైష్ణవులకు దినచర్యను విధించిన పాంచరాత్రశాస్త్రము రోజును అయిదు భాగములు చేసినది. అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అనునవి ఆ పంచకాలములు. ప్రాతఃకాలమున స్నానసంధ్యలతో స్వామిని సమీపించుట అభిగమనము. పూజకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నము ఆరాధించుట ఇజ్య. పిమ్మట సద్గ్రంథపఠనము స్వాధ్యాయము. సాయంసంధ్య ముగిసిన పిమ్మట రాత్రివేళ భగవంతుని ధ్యానించి ఆయన పాదములయందు మనస్సు నిలిపి విశ్రమించుట యోగము. వేదాంతదేశికులు పాంచరాత్రరక్ష యను గ్రంథమున ఈ పంచకాలములను విపులముగా విచారించిరి. గమనింపదగిన దేమనగా, ఇందు యోగము మొదటిది కాదు, చివరిది. పగలు చేసిన నాలుగు పనులును దానికి మెట్లు. పొలమున పండించిన వడ్లే నివేదనకు అన్నమగుచున్నవి. కావున భగవదర్పణబుద్ధితో చేసిన సేద్యము ఉపాదానము కాకపోదు. ఉపాదానమున అన్యాయము చేసినవానికి యోగమున శాంతి యెక్కడిది? పొరుగువాని నీటివంతును పాడుచేసి కూర్చున్న ఆసనము ఎంత స్థిరమైనను దాని క్రింది నేల స్థిరము గాదు.

ఇక ఇల్లాలి మాట. తెల్లవారుజాము పవిత్రమైనదే, అయితే ఆ పవిత్రత యెవరిది? గోదాదేవి తిరుప్పావైలో ఆ వేళ తానొక్కతెయే లేచి స్వామికడకు పోలేదు. ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవదివరకు పది పాశురములు తోడి గోపికలను వాకిట నిలిచి మేల్కొలుపుటకే వినియోగించెను. ఉషఃకాలము పంచుకొనవలసినది, ఒకరి నిద్రతో మరియొకరు కొనవలసినది కాదు. భర్త ధ్యానమునకు భార్య నీళ్లు కాచుటయే నిత్యకృత్యమై, ఆమెకు కూర్చుండుటకు అరగడియయైన దొరకనిచో, ఆ యింట ఒకరు యోగము చేయుచుండగా మరియొకరు దాని వెల చెల్లించుచున్నారు. తిరుమలలో సుప్రభాతము మొదలు ఏకాంతసేవవరకు ప్రతి సేవకును వేళ కలదు. అర్చకులు, పరిచారకులు తమతమ కైంకర్యములను పంచుకొందురు గనుకనే అది సాగుచున్నది. ఇంటికిని ఆ న్యాయమే వర్తించును.

కాలము తప్పుటవలన కలుగు నష్టము చిన్నదని చెప్పుటకు వీలులేదు. శ్రీవైష్ణవ గురుపరంపరలో ఒక వృత్తాంతము కలదు. నాథమునులు యోగరహస్యమును తమ శిష్యులగు కురుగైక్కావలప్పన్ గారికి ఉపదేశించి, దానిని తమ మనుమడగు యామునాచార్యులకు అందజేయుమని నియమించిరి. కావలప్పన్ గారు యామునులకు ఒక దినమును నిర్ణయించి వ్రాసియిచ్చిరి. యామునులు అనంతపద్మనాభస్వామి సేవకై తిరువనంతపురము పోయియుండగా ఆ దినము వచ్చినది. వ్రాతను చూచునప్పటికి చేరుకొనుటకు వ్యవధి లేకపోయెను. యోగరహస్యము పరంపరకు అందక నిలిచిపోయెను. గురువిచ్చిన గడువును మరచిన నష్టము ఎంతటిదో ఈ కథ బోధించుచున్నది. అయినను అదే పరంపర యామునులను త్యజింపలేదు. వారి తరువాతనే భగవద్రామానుజులు వెలసిరి. పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున ప్రపత్తికి దేశనియమము గాని కాలనియమము గాని లేదని నిర్ధారించిరి. సాధనకు వేళ కలదు. శరణాగతికి వేళ లేదు. మొదటిది తప్పినవానికి రెండవది ఎల్లప్పుడును తెరచిన ద్వారము.

చాపాడు గృహస్థునకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. తగిన వేళకు మూడు పరీక్షలు కలవు. ఆ వేళ దేహమునకు తగినదై, కడుపు తేలికగా, నిద్ర తీరి యుండవలెను. రోజురోజును నిలుపుకొనగలిగినది కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది మరియొకని కాలమునుండి దొంగిలించినది కాకుండవలెను. నీటివంతు లేని దినములలో, పెందలకడ పరుండి, తన నీళ్లు తానే కాచుకొనగలిగినచో బ్రాహ్మీముహూర్తమే అతనికి శ్రేష్ఠము. వంతుగల దినములలో మడవ కట్టి, దిగువవానికి నీరు అప్పగించి, వచ్చి నిద్రించి, సాయంకాలము దీపము వెలిగించిన పిమ్మట భోజనమునకు ముందు కూర్చుండుట ధర్మము. ఆ అరగంట ఇల్లాలును ప్రక్కన కూర్చుండునట్లు ఇంటిపనిలో తానొక పాలు పంచుకొనుట అంతకంటె గొప్ప ధర్మము. మడవకడ నిలిచియున్నపుడు మాత్రము నామస్మరణకు అడ్డమేమి? నీటి చప్పుడు తప్ప మరియొక శబ్దము లేని ఆ నడిరేయి, పంచకాలములలో యోగమునకు చెప్పిన రాత్రియే కదా!

కాలస్వరూపుడగు శ్రీనివాసుడు సాధకుని గడియారమును చూడడు, దాని వెనుక నున్న హృదయమును చూచును. పొరుగువాని చేను తడిసి, ఇంటివారి కన్నులు నిద్రతీరి, తన చిత్తము స్వామియందు నిలిచిన వేళయే గృహస్థునకు పుణ్యవేళ.