మతమను గడిలో ఏమి వ్రాయవలెను?

ధ్యాన భాగము: మత్తయి 17:24–27



మన సంఘములో పెరిగిన అమ్మాయి యొకతె నర్సు పనికై జర్మనీ దేశమందలి హాంబుర్గు పట్టణమునకు వెళ్లినది. వెళ్లిన రెండవ వారమందే నాకు ఫోను చేసి ఒక ప్రశ్న అడిగెను. ప్రశ్న చిన్నదే గాని, నేను తొందరపడి యిచ్చిన జవాబు నన్ను చాల రాత్రులు నిద్రపోనియ్యలేదు.

ముందుగా ఆ పట్టణమును గూర్చి రెండు మాటలు. హాంబుర్గు ఎల్బే నది మీదనున్న గొప్ప రేవు. సముద్రము సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉన్నను పెద్ద ఓడలు నదిలో ఎదురెక్కి వచ్చును. క్రేనులు, రాగి కరగించు కర్మాగారము, విమానములు కూర్చు ఫ్యాక్టరీ, ఇదియే ఆ ఊరి సందడి. డిసెంబరులో ఉదయము ఎనిమిదిన్నరకు గాని ప్రొద్దు పొడవదు, సాయంకాలము నాలుగింటికే చీకటి. 1943 జూలైలో ఆ పట్టణము మీద వేసిన బాంబులవలన 30,000 మందికి పైగా చనిపోయిరి. ఆ దాడికి శత్రుసైన్యములు పెట్టిన పేరు గొమొర్రా. బైబిలు తెలిసినవారే ఆ పేరు పెట్టియుందురు, అదియు ఆలోచింపదగినదే. తరువాతి కాలమున రేవును పెంచుటకై ఆల్టెన్‌వెర్డరు అను గ్రామమును ఖాళీ చేయించిరి. ఇండ్లన్నియు పోయి, గుడియు సమాధులును మాత్రము ఓడసరకుల నడుమ నిలిచియున్నవి. ప్రాజెక్టుల క్రింద ఊళ్లు పోగొట్టుకొనిన మనవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు.

ఇక అమ్మాయి ప్రశ్న. ఆ దేశమందు ఇంట దిగిన రెండు వారములలోగా ఆఫీసుకు వెళ్లి పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ కాగితములో మతమునకు ఒక గడి యున్నది. ప్రొటెస్టంటు అని వ్రాసినవారు అక్కడి సంఘములో సభ్యులుగా ఎంచబడుదురు, జీతములోనుండి సంఘపు పన్ను కోయబడును. హాంబుర్గులో అది ఆదాయపు పన్నులో నూటికి 9 వంతులు. ఆదాయపు పన్ను నెలకు 300 యూరోలైతే సంఘమునకు 27 యూరోలు; మన సొమ్ములో రెండున్నర వేల రూపాయలకు తక్కువ కాదు. 1919 నాటి వారి రాజ్యాంగములోని ఈ ఏర్పాటును 1949లో వ్రాసికొనిన రాజ్యాంగములో కూడ నిలిపియుంచిరి. బాప్తిస్టులవంటి స్వేచ్ఛా సంఘములవారు సాధారణముగా ఈ పన్ను తీసికొనరు. మన లూథరను వారికి తప్పదు.

తోటి నర్సులు, “ఖాళీగా వదలుము, దేవుడు హృదయమును చూచును” అనిరట. ఆమె ప్రయాణమునకు తల్లి చేసిన అప్పు ఇంకను తీరలేదు. ఆ తల్లి మిరపచేలలో కూలికి పోవుచున్నదని మీరెరుగుదురు. “అయ్యగారూ, ఏమి వ్రాయమందురు?” అని ఆమె అడుగగా, “మనుష్యుల యెదుట ఒప్పుకొనుట మన విధి గదా, వ్రాయుమమ్మా” అంటిని. ఫోను పెట్టివేసిన తరువాతనే నాకు సిగ్గు కలిగెను.

ఏలయనగా ఆ అమ్మాయి పదవ తరగతి సర్టిఫికెట్టులో మతము హిందువని యున్నది. మన ఇండ్లలో అట్టివి ఎన్ని యున్నవో నేను లెక్కించి చెప్పను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము దళితుడు క్రైస్తవుడైనచో షెడ్యూల్డు కులపు హక్కు పోవును. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఆ హక్కు ఇచ్చిరి, మనకు ఇయ్యలేదు. ఆ పిల్లను బడిలో చేర్చిన దినమున గడి నింపించినవాడను నేనే. అప్పుడు నేను మత్తయి సువార్త తీసి చూపలేదు.

ఈ రెండు గడులు ఒకటేనా? కావని నా తలంపు. ఇచ్చట చట్టము బీదవాని విశ్వాసమునకు వెలగా అతని బిడ్డ చదువును అడుగుచున్నది, అది అన్యాయము. అచ్చట అడుగునది సొమ్ము మాత్రమే. అన్యాయమునకు భయపడి దాగినవానిని, ఖర్చునకు వెరచి దాగినవానిని ఒకే త్రాసులో తూచలేము. అయినను రెండు చోట్లను వ్రాసిన చేయి ఒకటే గదా అని నా మనస్సు పొడుచుచునే యున్నది.

పన్ను విషయములో మరియొక చిక్కు కలదు. సణుగుకొనక, బలవంతము లేక ఇయ్యవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. జీతములో కోసికొనునది కానుక యగునా? హాంబుర్గునకు దక్షిణముగా హెర్మన్స్‌బుర్గు అను పల్లె యున్నది. అక్కడి రైతులు తమ కానుకలతో 1853లో కందాకే అను మిషనరీ ఓడను కట్టించిరి; అది ఇప్పుడు హాంబుర్గులో కలిసిన హార్బుర్గులోనే తయారైనది. 1860వ దశకములో ఆ మిషను వారే మన సూళ్లూరుపేట, నాయుడుపేట సీమలకు వచ్చిరి. వారి చేత ఎవరును పన్నుగా కోయించలేదు. ఈ వాదము బలమైనదే. అయితే ప్రభువు కపెర్నహూములో, కుమారులు స్వతంత్రులని చెప్పియు, అభ్యంతరము కలుగకుండునట్లు దేవాలయపు పన్ను కట్టించెను. ఆ నాణెము చేప నోట దొరికినది. మన అమ్మాయికి ఎల్బే నదిలో అట్టి చేప దొరకదు. కాబట్టి ఆ వాక్యమును ఆమె మీద విసరుటకు నాకు నోరు రాలేదు.

వారము గడచిన తరువాత నేనే ఫోను చేసి, “నీకు ఆజ్ఞాపించుటకు నేను తగినవాడను కాను” అని బడి సంగతి జ్ఞాపకము చేసితిని. ఆమె నవ్వి, “అప్పటికే వ్రాసితిని అయ్యగారూ. నిజము వ్రాసినా కులముతో పని లేని కాగితము నాకు ఇదే మొదటిది. ఆఫీసరమ్మ తలయెత్తి చూడనైన లేదు, ముద్ర వేసి పంపివేసినది” అనెను. ఆ మాటకు నా యొద్ద జవాబు లేకపోయెను.

మొదటి జీతపు కాగితములో కోత కనబడినదట. ఓడకళాసుల కొరకు నావికుల మిషను వారు 1986 నుండి నడుపుచున్న డక్‌డాల్బెన్ అను విశ్రాంతి గృహమునకు సెలవు దినమున వెళ్లి చూడవలెనని యున్నదట. ఈ యేడు కోతపండుగకు తాను పంపు కానుక ఒక నెల ఆలస్యమగునని తల్లితో చెప్పుమన్నది. చెప్పితిని.