కప్పతోకూడ చేసిన నిబంధన



వానకాలపు రాత్రులందు కోటగిరి వరిమళ్లలో గోదురుకప్పల కూత విననివారు మనలో ఎవరు? అవి పైరుకు పట్టు పురుగులను తిని రైతునకు మేలు చేయును. ఒకప్పుడు మన దేశమునుండి వేలాది టన్నుల కప్పకాళ్లు విదేశములకు ఎగుమతి యగుచుండెను. పొలములలో కప్పలు తగ్గిన పురుగులు హెచ్చునను భయముచేత, 1987లో ప్రభుత్వము ఆ వ్యాపారమును నిషేధించెను. మనకు ఉపయోగపడు ప్రాణిని కాపాడుట వివేకమే. అయితే మనకు ఏ ఉపయోగమును కనబడని ప్రాణి మాటేమి?

దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు కొండ అడవుల సెలయేళ్లలో సెహుయెన్కాస్ అను నీటికప్ప జీవించును. అడవులు నరుకుటయు, మనుష్యులు తెచ్చి విడిచిన ట్రౌట్ చేపలును, చర్మమునకు పట్టు బూజుతెగులును ఆ జాతిని అంతరించు స్థితికి తెచ్చినవి. కొచబాంబా పట్టణపు మ్యూజియములో ఒక మగకప్ప సుమారు పదియేండ్లు ఒంటరిగా నుండెను. అదే కడపటిదేమో యని అనేకులు భయపడిరి. వెదకుట మాననివారికి మరికొన్ని దొరికినవని 2019 జనవరిలో ప్రకటింపబడెను.

ఆకలిగొన్న మనుష్యులుండగా కప్పకొరకు ఇంత ప్రయాసమేల అని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను మనము త్రోసివేయరాదు. మనుష్యులు పిచ్చుకలకంటె విలువైనవారని ప్రభువే చెప్పెను (మత్తయి 10). అయితే ఒక్క పిచ్చుకయైనను తండ్రి యెరుగకుండ నేలరాలదని చెప్పినదియు ఆయనే. ఒకరికి ఎక్కువ విలువ యున్నందున మరియొక ప్రాణి విలువలేనిది కాదు. జలప్రళయము తరువాత దేవుడు నోవహుతో మాత్రమే గాక సమస్త జీవులతోను నిబంధన చేసెను (ఆదికాండము 9). ఏ జీవి ఎంత లాభమిచ్చునని అక్కడ లెక్క చూడలేదు.

కప్పలు ఐగుప్తునకు తెగులుగా వచ్చెను గదా యందురేమో. ఆ తెగులు ఫరో హృదయకాఠిన్యమువలన వచ్చెను గాని కప్పల దోషమువలన కాదు.

బొలీవియా మనకు దూరము. నిజాంసాగరు కాలువ దగ్గర. పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగకుందము. పిల్లలు కప్పలను రాళ్లతో కొట్టునప్పుడు నవ్వి ఊరకుండకుందము. తోట ఆదామునకు దున్నుకొనుటకు మాత్రమే గాక కాపాడుటకును అప్పగింపబడెను. కాపరి లెక్క చెప్పు దినమున, పాలిచ్చిన వాటిని గూర్చి మాత్రమే గాదు, మంద యంతటిని గూర్చి అడుగబడును.